అమ్మ వంతు

కూడలిలో సిగ్నల్ లైట్లు పనిచేయడం లేదు.

నాలుగు వైపుల నుంచీ బళ్లు వచ్చి ఒకదాని ముక్కు మీద ఒకటి నిలబడ్డాయి. వెనక్కి తగ్గేవాడు ఒక్కడూ లేడు. ఎవడికి వాడే మొనగాడు.

ఆ గందరగోళంలో ఒక వ్యాను. వెనక సీట్లు తీసేసి వేసిన పరుపు మీద అమ్మ బోర్లా పడుకుని ఉంది. నడుములో జారిన డిస్కు కాలి నరాన్ని నొక్కేస్తోంది. కూర్చోలేదు, నిలబడలేదు, నెలల తరబడి కంటినిండా నిద్రలేదు. ఈమధ్య నడిస్తే కాలు కూడా ఈడుస్తోంది. ఇవాళే ఆపరేషన్.

స్టీరింగ్ ముందు కొడుకు. రంగుల కొట్టు నడుపుతాడు. ముక్కు మీద కోపం కాబట్టి చిన్నప్పుడే ఇంటిల్లిపాదీ చిటపట అని పేరు పెట్టేశారు. పెద్దయ్యాక పేరు మారలేదు, కోపమూ మారలేదు.

సరిగ్గా వ్యాను ముందుకే ఒకాయన వచ్చి చేతులు చాపి నిలబడ్డాడు. పోలీసు కాదు, యూనిఫాం లేదు. మెడలో మాత్రం ఎర్రతాడుకి ఒక విజిల్ వేలాడుతోంది. తన స్కూటర్ని ఓ పక్కన పెట్టేసి రోడ్డు పెత్తనమంతా నెత్తినేసుకున్నాడు.

చిటపటకి ఒళ్లు మండింది.

"ఎవరయ్యా నువ్వు? తప్పుకో. లోపల పేషెంట్ ఉంది."

ఆయన కిటికీలోంచి తొంగిచూశాడు, మెడలోని విజిల్ అమ్మ కళ్లముందే ఊగింది. అమ్మ పళ్లబిగువున మూలుగు ఆపుకుంటోంది.

"ఒక్క నిమిషం బాబూ," అన్నాడు.

విజిల్ ఊదుతూ వెళ్లి, బస్సు డ్రైవర్ని బతిమాలి, కారువాణ్ణి గదమాయించి, ఎలాగో వ్యాను పట్టేంత సందు చేశాడు. చిటపట బండిని ముందుకు దూకించాడు. థాంక్స్ చెప్పలేదు సరికదా, పనీపాటా లేనివాళ్లకి రోడ్డే దొరుకుతుందని గొణిగాడు. ఆయనకో మంచిమాటైనా చెప్పావా అని అమ్మ అడిగితే విననట్టు ఊరుకున్నాడు.

ఆసుపత్రిలో అంతా సాఫీగానే మొదలైంది. పెద్ద కోతేమీ ఉండదని డాక్టరమ్మ ముందే చెప్పింది. నడుము దగ్గర చిన్న గాటు, అందులోంచి వేలంత గొట్టం, మైక్రోస్కోపులో చూస్తూ నరం మీదున్న ముక్కని తీసేయడం, అంతే. మర్నాటికల్లా లేచి నడుస్తారంది. అమ్మకి గౌను తొడిగారు. స్ట్రెచర్ ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా వెళ్లింది.

వెళ్లింది వెళ్లినట్టే వెనక్కి వచ్చేసింది.

తలకి దెబ్బతగిలిన మనిషినెవరినో తెచ్చారట. పుర్రెలో రక్తం గడ్డకట్టి మెదడుని నొక్కేస్తోందట. వెన్నుకైనా మెదడుకైనా ఉన్నది ఆ డాక్టరమ్మ ఒక్కతే, ఉన్నది ఆ థియేటర్ ఒక్కటే. కాబట్టి అమ్మ ఆగాలి.

ఇక చూస్కోండి.

"వంతు మాది," అని నర్సు మీదికి వెళ్లాడు చిటపట. "మా అమ్మ పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఎవరండీ ఆయన, అంత గొప్పవాడు?"

"తెలీదండీ. ఫోన్ చితికిపోయింది, జేబులో ఇంకేం లేదు. వెంట ఎవరూ రాలేదు."

"ఊరూ పేరూ లేనివాడి కోసం మా అమ్మని ఆపారా?"

నర్సు అమ్మ మీద దుప్పటి సర్ది వెళ్లిపోయింది. దాంతో కోపం ఇంకా రాజుకుంది. తాగి పడుంటాడని, ఇలాంటివాళ్లు వాళ్లు చచ్చేది కాక పక్కవాళ్లనీ చంపుతారని వరండా అంతా వినపడేలా చెప్పాడు. కూర్చున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు నిజమే నిజమే అని తలలూపారు కూడా. తిట్టడానికి తోడు దొరకడం ఎంతసేపు?

అమ్మ అతని చొక్కా అంచు పట్టుకుని లాగింది.

"ఊరుకోరా. నాది నడుం నొప్పి, రేపటిదాకా ఆగుతుంది. ఆయనది ప్రాణం. ఆయన్నీ ఓ తల్లి కనే ఉంటుందిగా."

ఊరుకుంటే అతను చిటపట ఎందుకవుతాడు? డాక్టరమ్మ బయటికి రానీ, మొహం మీదే అడిగేస్తానని తలుపుకేసి చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రానికి తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మాస్కు కిందికి లాక్కుని అమ్మ దగ్గరికే వచ్చింది. ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"మిమ్మల్ని చాలాసేపు ఆపేశాం, ఏమనుకోకండమ్మా. రేపు పొద్దున్నే మొదట మీదే."

"ఆయనకెలా ఉంది?" అని అడిగింది అమ్మ.

"దక్కలేదు," అంది డాక్టరమ్మ.

అప్పుడైనా నోరు మూసుకోవాలా వద్దా? మూసుకోలేదు.

"తాగి పడ్డవాడి కోసం మా అమ్మని ఇంతసేపు ఏడిపించారు. దక్కాడా అంటే అదీ లేదు."

"తాగి పడ్డాడని మీకెవరు చెప్పారు?"

అన్నది గోడవారగా నిలబడ్డ అంబులెన్సు డ్రైవర్. పొద్దున ఆయన్ని తీసుకొచ్చింది అతనే. ఎలా ఉన్నాడో కనుక్కుందామని వచ్చి, ఈ మాట చెవిన పడేసరికి ముందుకొచ్చాడు.

"సిగ్నల్ పోయిన కూడలిలో ఎవరో పేషెంట్ బండికి దారి చేసి పంపించాడట. వాళ్లు ఆగను కూడా ఆగలేదట. తన స్కూటర్ కోసం వెనక్కి తిరిగాడు, లారీ వచ్చి కొట్టేసింది. ఇంకోసారి ఆయన్ని తాగుబోతు అనకండి."

చిటపట అమ్మకేసి తిరిగాడు.

చనిపోయినాయన వస్తువులున్న కవరు నర్సు చేతిలో ఉంది. అమ్మ పడుకున్నచోటి నుంచే తల తిప్పింది.

"అమ్మాయ్," అంది మెల్లగా. "ఆయన మెడలో ఏమన్నా ఉండిందా?"

నర్సు కవరులో చెయ్యి పెట్టి, ఎర్రతాడుకి వేలాడుతున్న విజిల్‌ని పైకి తీసింది.