తెలుగు బటన్లు

"అంకుల్, ఈసారి మీరే నొక్కండి," అంటూ నిరుపమ కంప్యూటర్ ముందునుంచి లేచింది.

వీరభద్రం చేత్తో ఉలి పట్టిన వడ్రంగి. ఇంగ్లిష్ చదవలేడు. కంప్యూటర్‌తో చెక్క కోసే మిషన్ నేర్చుకోకపోతే పనిలోంచి తీసేస్తానన్నాడు న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ దగ్గర పాపకూర అనే ఊళ్ళో ఆ క్యాబినెట్ షాపు పెట్టిన చైతన్య. అందుకే ఆ మిషన్‌కి ప్రోగ్రాములు రాసే నిరుపమ మూడు వారాలు కూర్చుని, సాఫ్ట్‌వేర్‌లో తను చేసే పనంతా తెలుగు బటన్లుగా మార్చింది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని 'సింకు కింది కప్‌బోర్డు' నొక్కాడు. వెడల్పు కొట్టాడు. 'కొయ్యి' నొక్కాడు. మిషన్‌లోని కట్టర్ కదిలి ప్లైవుడ్ షీటును కోసింది.

చైతన్య ముక్కల్ని టేపుతో కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"ప్రోగ్రామింగ్ అస్సలు రాకపోయినా నడుస్తుందా?"

"ఎవరైనా నడపొచ్చన్నా!" అంది గర్వంగా.

"సూపర్. అయితే వచ్చే నెలనుంచి నువ్వు వేరే జాబ్ చూసుకో."

"అన్నా, నా వీసా ఈ జాబ్ మీదే ఉంది..."

అతను టేపు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

"అంకుల్, మీరైనా ఒక్క మాట చెప్పండి."

వీరభద్రం స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పలేదు.

"వెళ్ళేలోపు, కట్టర్ విరిగితే ఏం నొక్కాలో అదీ తెలుగులో పెట్టెయ్యమ్మా."