ఐసు కొట్టే హక్కు

"ఆపరా! ఆ మిషను ఆపకపోతే ఈ గూటం నీ చేతి మీద పడతది!"

కామమ్మ అరిచిన అరుపుకు రేవులో చేపల కోసం కాచుకున్న కాకులు కూడా లేచిపోయాయి. ఐసుబండి వినోద్ ఉలిక్కిపడి డ్రిల్లు మీద నుంచి వేలు తీసేశాడు. ఆ డ్రిల్లుకు బిగించింది గోడకు బొక్కలు పెట్టే చిన్న పుల్ల కాదు, నడుమెత్తు ఇనప బరమా. వైరు లేదు, కరెంటు లేదు, బ్యాటరీ మీద గిరగిరా తిరుగుతుంది. పక్కన పట్టా మీద మూడు ఐసు దిమ్మలు అప్పటికే పిండయిపోయి తెల్లగా కుప్ప పడి ఉన్నాయి. గూటంతో అన్ని దిమ్మలు కొట్టాలంటే కామమ్మకు రెక్కలు పడిపోతాయి.

"ఏందిరా ఇది?"

"ఐసు బరమా అక్కా. ఆన్‌లైన్‌లో తెప్పించినా. మంచు దేశాల్లో చెరువులు గడ్డకట్టుకోని పోతాయంట. దీంతో బొక్క పెట్టి, అందులో గాలమేసి చేపలు పడతారంట."

"అయితే ఆ దేశం పోయి పట్టుకో పో! ఈడ మన సముద్రమేమన్నా గడ్డకట్టిందా? నా కూట్లో మన్ను పోసేదానికి తెచ్చినావా దీన్ని?"

ఆమె కోపం ఊరికే వచ్చింది కాదు. ఆ పాళెంలో ఒక కట్టుబాటు ఉంది. వేటకు పోయి తిరిగిరాని మనిషి పెళ్ళానికి రేవులో ఐసు కొట్టే పని ఇస్తారు. ఇంకొకరు ఆ పనికి చెయ్యి పెట్టకూడదు. ఐసు వేయించుకున్న ప్రతి బుట్టలోంచీ ఆమెకు ఒక చేప. తొమ్మిదేళ్ళుగా కామమ్మ పొయ్యి వెలుగుతున్నది ఆ చేపలతోనే. మిషను వచ్చి కూర్చుంటే ఆమెకు చేప ఎందుకిస్తారు? మొహం చూసి ఇస్తారా?

"నువ్వొక్కదానివి ఎన్ని బుట్టలకని కొడతావక్కా?" అన్నాడు వినోద్. "ఎండ చూడు ఎట్టుండాదో. చేప మెత్తబడిపోతా ఉంది."

"చేప మెత్తబడితే ఈ పొద్దుకు బేరం పోద్ది. నా పని పోతే నేనే పోతా! ఆ కుప్ప ఎవరూ ముట్టుకోబాకండి. గంగాధరం మామ వచ్చి న్యాయం చెప్పిందాకా ఒక్క ఐసు పలుకు కదిలితే ఊరుకునేదాన్ని కాదు, చెప్తుండా."

"ఎవరు ముట్టుకుంటారు వదినా!" బుట్ట కింద పెట్టి ముందుకొచ్చింది చెంచమ్మ. "మేమంతా నీ పక్కే. ఈ పొద్దు మిషను ఐసు కొడతది, రేపు మిషనే చేపలూ అమ్ముద్ది. మేమెట్టా బతకాల?"

చేపలమ్మే ఆడవాళ్ళంతా అవునవునంటూ కామమ్మ వెనక వచ్చి నిలబడ్డారు. ఆమెకు వెయ్యేనుగుల బలం వచ్చింది.

ఊరి పెద్ద గంగాధరం నింపాదిగా వచ్చి వలల కుప్ప మీద కూర్చున్నాడు. ఆయన తీర్పు చెప్పాలంటే ముందు వాళ్ళ తాత కాలం నుంచి ఎత్తుకోవాలి. ఎత్తుకున్నాడు. తాత ఏ పడవ నడిపాడో, అప్పట్లో ఐసు లేకుండా చేపకు ఉప్పెలా పట్టించేవాళ్ళో చెప్పాడు. తర్వాత బరమా తెప్పించుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. రోడ్డు మీద చేపల బుట్టల కోసం ఆగిన కోవూరు ఆటో హారను కొట్టీ కొట్టీ అలిసిపోయింది.

ఐసు కుప్పనూ ఆడవాళ్ళనూ వెనక వదిలి కామమ్మ ఆయన ముందు నిటారుగా నిలబడింది. కళ్ళు తిప్పలేదు.

"మామా, నా మొగుణ్ణి సముద్రం తీసుకున్నప్పుడు ఈ గూటం నా చేతిలో పెట్టింది నువ్వే. నీ కూటికి మాది పూచీ అని ఊరంతా చెప్పింది. నేను ఎవర్నన్నా చెయ్యి చాపి అడిగినానా? జరమొచ్చినా కొట్టినా, చెయ్యి వాచినా కొట్టినా. ఇప్పుడు వీడెవడో పెట్టెలో మిషను తెప్పించుకోగానే ఊరి మాటకు బ్యాటరీ దిగిపోయిందా?"

"అడుగు వదినా, అట్టా అడుగు!" వెనక నుంచి చెంచమ్మ గొంతు.

"న్యాయం కామమ్మదే!" ఇంకో గొంతు.

"మిషను ఐసు మాకొద్దు!" అంటూ అందరూ ఒక్కటయ్యారు.

వినోద్ కామమ్మ భుజం మీదుగా ఆమె వెనక్కి చూశాడు. ఏదో అనబోయి మింగేశాడు.

"ఏంరా, నోరు పడిపోయిందా?" అంది కామమ్మ. "నలుగురూ ఒక్క మాట మీద నిలబడితే అట్నే ఉంటది."

గంగాధరం గొంతు సవరించుకున్నాడు. "మాట ఇచ్చింది నేనొక్కణ్ణే కాదు, ఊరు. కాబట్టి ఊరే చెప్పాల. ఈ రేవులో ఐసు కామమ్మ గూటంతోనే కొట్టాల, మిషను ఐసు ఎవరూ ముట్టకూడదు అనేవాళ్ళు చేతులెత్తండి."

తన మనుషులు, తొమ్మిదేళ్ళుగా తన చేత్తో ఐసు వేయించుకున్నవాళ్ళు. వాళ్ళకు దణ్ణం పెడదామని కామమ్మ గూటం చంకన పెట్టుకుని వెనక్కి తిరిగింది.

ఒక్కటి తగ్గకుండా అన్ని చేతులూ పైకి లేచి ఉన్నాయి; ప్రతి అరచేతికీ అంటుకున్న తెల్లటి ఐసు పిండి కరిగి మోచేతుల మీదుగా కారుతోంది.