బీదర్‌కు పోయిన రివాల్వర్

గ్రూప్స్ ఫలితాల్లో తన నంబరు లేదని తెలిసిన సాయంత్రం రచన తండ్రి ఉమాకాంత్ దగ్గరికి వచ్చి కూర్చుంది. "నాన్నా, నీ రివాల్వర్ ఇంట్ల ఉంటె భయమైతుంది. నన్ను నేనే ఏమన్న చేసుకుంటనేమో."

ఉమాకాంత్ తెల్లారే దాన్ని తీసుకెళ్లి నారాయణగూడలో ఆయుధాల దుకాణంలో అప్పగించాడు. బీదర్‌లో ఉండే తమ్ముడికి లైసెన్సుంది కాబట్టి, అతని పేరుకు మార్చమని పోలీసులకు దరఖాస్తు పెట్టాడు. రెండు రాష్ట్రాల అనుమతులు వచ్చేసరికి నెలలు పట్టింది. అన్నాళ్లూ అశోక్‌నగర్ లైబ్రరీకి కూతురి వెంటే వెళ్లాడు, వెంటే వచ్చాడు.

ఇవాళ తమ్ముడు దుకాణానికొచ్చి, సంతకాలు చేసి, రివాల్వర్ తీసుకుపోయాడు.

కూతురితో చిక్కడపల్లిలోని ఇంటికి నడిచి వస్తుంటే ఉమాకాంత్ అడిగాడు. "ఇగ భయం లేదు కద బిడ్డా?"

"నాకెన్నడు అట్ల అనిపియ్యలే నాన్నా. అమ్మ పోయినంక నువ్వే రోజు తలుపేసుకొని దాన్ని చేతుల పట్టుకొని కూసుంటుంటివి. నీ కోసం ఇచ్చెయ్యమంటె ఇచ్చెటోనివా? అందుకే నా మీద పెట్టుకున్న."

ఉమాకాంత్ ఆగిపోయాడు.

"నువ్వు చూసినవా" అన్నాడు.