మూల సాళ్లు

పల్లి పీకేసిన చేనులో యాదమ్మ గోళ్లతో మట్టి గీకి, మిగిలిన కాయలు ఒడిలో వేసుకుంటోంది. చేను కౌలుకు చేస్తున్న ఎస్తేరమ్మ పారతో గబగబా వచ్చి, యాదమ్మ ముఖం చూసి ఆగిపోయింది.

బోర్లు ఎండిపోయి అయిజ ఊరి సేటుకు అమ్ముకునేదాకా ఈ చేను యాదమ్మదే. అప్పట్లో ఇలాగే కాయలు ఏరుకున్నందుకు ఎస్తేరమ్మ ఒడిని యాదమ్మే గుంజి, ఈ గట్టు మీదే కుమ్మరించింది.

"కొట్టకే. కాయలు ఈడనే పోస్త," అంటూ యాదమ్మ ఒడి విప్పింది.

ఎస్తేరమ్మ పార పైకెత్తింది. యాదమ్మ కళ్లు మూసుకుంది.

పార ఆమె పక్కన మూల సాలులో దిగింది. పెళ్ల కింద కాయలు తేలాయి.

"మూల సాళ్లు పీకలే. బీదోళ్లకు ఇడవమని బైబిల్ల దేవుని ఆజ్ఞ. తవ్వుకో."

ఎస్తేరమ్మ పార యాదమ్మ చేతిలో పెట్టింది.

"నువ్వొస్తవని తెలిస్తే ఇడిసేదాన్ని గాదు."