ముప్పావలా గుడ్డు

“గుడ్డు ఎంతమ్మా?” అని అడిగాడు డాక్టరు.

“ముప్పావలా,” అంది మంచం మీది పెద్దావిడ.

డాక్టరు నవ్వలేదు. పక్కనే ఉన్న కూతురు తల్లి వైపు వింతగా చూసింది.

“లీటరు పాలు?”

“ఆరు రూపాయలు. నీళ్లు కలపకుండా పోస్తే ఆరున్నర.”

“మరి కిలో టమాటాలు?”

పెద్దావిడ కళ్లు ఒక్కసారి మొగుడి మీదికి వెళ్లి వచ్చాయి. “రెండున్నర. ఏరి తెచ్చుకుంటే మూడు.”

డాక్టరు తండ్రీకూతుళ్లని వరండాలోకి రమ్మని సైగ చేశాడు.

నిన్న పొద్దున ఆవిడ వంటింట్లో స్టూలు మీంచి పడి తలకి దెబ్బ తగిలించుకుంది. స్టూలు ఎందుకెక్కిందో ఎవరికీ అంతుపట్టలేదు. అటక మీద పాత బిందె తప్ప దించుకునేదేమీ లేదు.

“స్కాన్‌లో చిన్న మచ్చ కనపడుతోంది,” అన్నాడు డాక్టరు. “పాతదా, నిన్నటి దెబ్బకి రక్తం గడ్డకట్టిందా, తేలడం లేదు. మాట సరిగ్గా ఉంటే రేపటిదాకా ఆగేవాణ్ణి. కానీ ఆవిడ ముప్పై ఏళ్ల కిందటే ఉండిపోయారు. ఇంక ఆగడానికి లేదు. తల తెరవాలి.”

“నన్ను గుర్తుపట్టింది కదండీ!” అంది కూతురు. “ మా వాడు ఏ క్లాసో కూడా చెప్పింది!”

“మనుషులు మిగిలారు, కాలం పోయింది. ఆలస్యం చేస్తే రేపటికి మనుషులు కూడా పోవచ్చు.”

పెద్దాయన గోడకి అతుక్కుపోయాడు. గోడకున్న సున్నం కన్నా ఆయన మొహమే తెల్లగా అయింది. గడియారాలు బాగుచేసే మనిషి. ఆవగింజంత మరని కూడా తొణక్కుండా బిగించే ఆ వేళ్లు ఇప్పుడు చొక్కా గుండీని తిప్పి తిప్పి ఊడబెరికాయి.

“అంటే... వేరే ఏమన్నా అడగొచ్చు కదా బాబూ? టమాటాలు కాకుండా?”

“రోజూ వంట చేసే మనిషి, పెద్దాయనా. ధరలు ఎక్కడన్నా మర్చిపోతుందా?”

నర్సు ట్రేలో కత్తెర, జుట్టు తీసే మిషను పెట్టుకుని వాళ్ల ముందు నుంచే గదిలోకి వెళ్లింది. లోపలి మాటలు బయటికి వినపడుతున్నాయి.

“ఏంటమ్మాయ్ అది?”

“జుట్టు తీయాలమ్మా.”

“చివర్లేనా?”

“మొత్తం.”

మిషను బుర్రుమంది. “ఏమండీ!” అని ఒక్క కేక.

ఆ కేకకి పెద్దాయన గోడని వదిలేసి డాక్టరు చెయ్యి పట్టేసుకున్నాడు. “ఆపమనండి! నీకు పుణ్యం ఉంటుంది, ఆపమను! ఆ రేట్లు దానివి కావు. నావి!”

“నర్సమ్మా, ఆపు!” అని లోపలికి అరిచాడు డాక్టరు. మిషను ఆగింది.

“నాన్నా, నీక్కూడా ఏమన్నా అయిందా?” అంది కూతురు.

“నాకేం కాలేదే. అప్పుడు నువ్వు చంటిపిల్లవి. పాలు అర్ధ రూపాయి పెరిగాయి. ఆ రోజు నుంచి మీ అమ్మ తన పాల గ్లాసు మానేసింది. తర్వాత పంచదార పెరిగింది, టీలో పంచదార మానేసింది. గుడ్డు పెరిగింది, నాకు పడటం లేదంది. ఇలా పోతే అన్నం కూడా మానేస్తుందని భయమేసింది. అంతే, ఇంట్లో రేట్లు అక్కడే ఆపేశా.”

“ఊరందరి గడియారాలూ నడిపించేది నువ్వు, ఇంట్లో ఇదా చేసింది!” కూతురికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. “నేను సరుకులు తెస్తే బిల్లు లాక్కునేది అందుకేనా?”

“మరి ఆవిడకి బయట తెలీదా?” అన్నాడు డాక్టరు.

“బజారు నా శాఖ బాబూ, ఆవిడ అడుగు పెట్టదు. కొట్టువాడు నా క్లాసుమేటు, పాత రేటుకే ఇస్తాడని చెప్పా. టీవీలో ధరలు రాగానే చానల్ తిప్పేస్తా. వీధిలోకి వచ్చే ప్రతి బండివాడికీ టీ నీళ్లు తాగించి, మా ఇంటి ముందు మాత్రం అరవొద్దని బతిమాలుకున్నా. ఒక్క మాట దాని చెవిన పడనిచ్చానా!” అని రెండు చేతులూ జోడించాడు. “దానికి మాత్రం చెప్పకు నాయనా. రేపటి నుంచి మళ్లీ గ్లాసు మానేస్తుంది.”

డాక్టరు ఒక్క క్షణం ఆయన్ని తేరిపార చూసి లోపలికి నడిచాడు. పెద్దావిడ జడని రెండు చేతులా గుండెకి హత్తుకుని కూర్చుంది.

“అమ్మా, ఏడో ఎక్కం కింద నుంచి పైకి చెప్పండి.”

“డెబ్బై, అరవై మూడు, యాభై ఆరు, నలభై తొమ్మిది...” గడగడా చదివేసి, “ఇది అడగడానికా జుట్టు తీయబోయారు?” అని కసురుకుంది.

“రేపు ఇంకోసారి స్కాన్ తీసి చూద్దాం. ఈలోపు ఆవిడ జడ జోలికి ఎవరూ వెళ్లొద్దు,” అన్నాడు డాక్టరు. నర్సు ట్రే తీసుకుని వెళ్లిపోయింది.

పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. “ఏమే, రొట్టె తెస్తా. తింటావా?”

“ఎంత పెట్టి?”

“రూపాయే!” అంటూ కూతుర్ని వెంటేసుకుని చెంగున బయటపడ్డాడు.

డాక్టరు నవ్వు బిగబట్టుకున్నాడు. “అది సరేగానీ, అసలా స్టూలెందుకు ఎక్కారమ్మా?”

మొగుడి చెప్పుల చప్పుడు మెట్లు దిగేదాకా ఆగి, ఆవిడ గొంతు తగ్గించింది.

“ఆయనకి చెప్పనంటే చెప్తా బాబూ, పాపం బాధపడతారు. మా ఇంటి ముందుకొచ్చేసరికి బండివాళ్లందరి నోళ్లూ పడిపోతాయి. స్టూలెక్కి వంటింటి కిటికీలోంచి వంగితే గానీ పక్కిళ్ల ముందు వాళ్లరిచే అసలు రేటు వినపడి చావదు. ముప్పై ఏళ్లుగా ఎక్కుతున్నా, పడటం ఇదే మొదలు.”