మూల మడత

"దాన్ని ముట్టుకున్నావో, ఊరుకోను!" అంది చిన్నకూతురు పిచ్చుక, పుస్తకాన్ని గుండెలకు హత్తుకుని.

నాన్న చేతిలో దారం ఎక్కించిన సూది గాల్లోనే ఆగిపోయింది. పుస్తకాలు కుట్టి అట్టలు వెయ్యడం ఆయన పని. ఆ రోజు బల్ల మీదున్నవి మాత్రం బయటివాళ్ళవి కావు. పెద్దకూతురి నవలలు, పిచ్చుక చేతిలోదానితో కలిపి మొత్తం ముప్పై ఏడు. ఆ పిల్ల పోయి నలభై రోజులైంది. నాలుగింటికి బడి నుంచి మనిషి వచ్చి వాటిని లైబ్రరీకి తీసుకుపోతాడు.

"ముప్పై ఆరు నోరు మూసుకుని ఇచ్చావు. ఈ ఒక్కదానికే ఎందుకే ఇంత రాద్ధాంతం? ఈ కథలో చచ్చిపోయిన అక్కా, బతికున్న చెల్లెలూ కలిసి హంతకుణ్ణి వెతుకుతారట! ఇలాంటివి చదివే నీ బుర్ర ఇలా తయారైంది."

"చదువుతున్నది నేను కాదు. అక్క."

నాన్న సూది కింద పెట్టాడు.

"అక్క అరవై ఎనిమిదో పేజీ దగ్గర ఆపింది," పిచ్చుక గబగబా చెప్పుకుపోయింది, ఆపితే ఎక్కడ ధైర్యం జారిపోతుందో అని. "నువ్వు పుస్తకాలు ఇచ్చేస్తానన్న రోజే మూల మడత ఎనభైకి వెళ్ళింది. మర్నాడు తొంభై రెండు. నిన్న నూట నాలుగు. రోజుకి పన్నెండు పేజీలు, అక్క లెక్కే. అదీ కింది మూల. లోకంలో కింది మూల మడిచేది అక్క ఒక్కతే కదా నాన్నా?"

ఆ మడతలు నాన్నకూ తెలుసు. కాగితం మూల మడిస్తే ఆయనకి తన చెవి మెలిపెట్టినట్టే ఉంటుంది. మూడు రోజులుగా వాటిని గోటితో రుద్ది సాపు చేస్తున్నది ఆయనే.

"ఇంకొకతి కూడా మడుస్తుంది. పుస్తకం ఇవ్వడం ఇష్టంలేని దొంగపిల్ల."

పిచ్చుక ముఖం కందిపోయింది. వెనక్కి మాత్రం తగ్గలేదు.

"నాలుగింటి దాకా టైమివ్వు. ఎవరు మడుస్తున్నారో చూపిస్తాను. చూపించలేకపోతే నేనే సంచిలో పెట్టి ఇచ్చేస్తాను."

"తర్వాత ఏడుపులూ పెడబొబ్బలూ ఉండవుగా?"

"ఉండవు."

పుస్తకం అక్క మంచం మీద ఎప్పటి చోటే పెట్టి, పిచ్చుక మంచం కిందికి దూరింది. రెండైంది. రెండున్నరైంది. దుమ్ముకి తుమ్ము వస్తే ముక్కు గట్టిగా పట్టుకుంది. కాలు తిమ్మిరెక్కినా చాపలేదు.

"అక్కా, త్వరగా రావే," అని గొణిగింది. "రాలేదంటే నీ పుస్తకమూ పోతుంది, నా పరువూ పోతుంది."

తలుపు కిర్రుమంది.

పిచ్చుక ఊపిరి బిగబట్టింది. మంచం కుంగింది. కాగితం చప్పుడు. చాలాసేపు నిశ్శబ్దం. మళ్ళీ కాగితం చప్పుడు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. సరిగ్గా ఆరు కాగితాలు, అంటే పన్నెండు పేజీలు. ఆ తర్వాత మెల్లగా మడత పెడుతున్న చప్పుడు.

ఒక్క ఉదుటున బయటికొచ్చింది.

"నాయనమ్మా! నువ్వా?"

"ఓసి నీ అల్లరి మండా! గుండె ఆగిపోయిందే!" నాయనమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఛాతీ రుద్దుకుంది.

అరుపు విని నాన్న పరుగున వచ్చాడు. తల్లినీ, ఆవిడ ఒళ్ళో పుస్తకాన్నీ చూశాడు. ఆయనకి నవ్వూ జాలీ ఒకేసారి వచ్చాయి.

"దొరికిందిగా నీ దయ్యం! పద, సంచి తెచ్చుకో."

పిచ్చుక కళ్ళు నిండిపోయాయి. అయినా మాటంటే మాటే. పుస్తకం కోసం చెయ్యి చాపింది. అంతలోనే ఆ చెయ్యి ఆగింది.

"నాయనమ్మా, నీకు చదవడం ఎక్కడొచ్చు?"

"నాకెక్కడి చదువే, అక్షరమ్ముక్క రాదు. చదివేది మీ అక్క. దాని వేళ్ళకి కాగితం అందట్లేదట పాపం. 'తిప్పవే నాయనమ్మా' అంటుంది, తిప్పుతాను. 'ఇవాళ్టికి చాలు' అంటుంది, అది చెప్పిన మూల మడుస్తాను."

"అమ్మా! దానికి తోడు నువ్వు కూడానా?"

"నువ్వు నమ్మకపోతే నా కొంపేం మునగదులేరా," అని కొడుకుని కసిరి, ఆవిడ మనవరాలి వైపు తిరిగింది. "ఇంకో వారంలో పూర్తవుతుందట. ఆఖరి కాగితం మాత్రం నువ్వు దాచావట కదే? తెచ్చి పెట్టు. కోపమేం లేదంటోంది."

నాన్న పుస్తకం లాక్కుని చివర తెరిచాడు. ఆయన చూపు మోసపోదు. కుట్టు పక్కనే బ్లేడు పెట్టి, ఒక్క కాగితం శుభ్రంగా కోసేశారు.

"ఓహో, ఇదా సంగతి!" ఈసారి గట్టిగానే నవ్వాడు. "అక్కాచెల్లెళ్ళు పుస్తకం కోసం జుట్లు పీక్కున్న రోజు ఈ దొంగపిల్ల కోసి దాచేసింది. పెద్దది వెళ్ళి నీ దగ్గర చాడీ చెప్పి ఉంటుంది. అప్పటి మాట నీకు ఇప్పుడు గుర్తొచ్చింది, అంతేనమ్మా. ఏమే పిచ్చుకా, ఎప్పుడు కోశావే దీన్ని?"

పిచ్చుక గోడకి ఆనుకుంది.

"తలుపు గడియ వేసుకుని కోశాను. ఎవ్వరికీ చెప్పలేదు. అక్క చదవని ముగింపు ఇంకెవరూ చదవకూడదని... అక్క పోయిన మర్నాడు, నాన్నా."