తోలుగుడ్లు

పెరట్లో చుక్కలపెట్టకు నూకలు తప్ప మరేదీ నోటికి హితవయ్యేది కాదు. ముసలి నల్లపెట్ట పాత గోడ మీది సున్నపు పెచ్చులు పొడుచుకు తింటుంటే, "ఇన్ని నూకలుండగా నీకా గోడ గీకుడేంటి అత్తా?" అని వెక్కిరించేది.

తీరా చుక్కలపెట్ట పెట్టినవన్నీ పెంకు లేని తోలుగుడ్లే. పొదుగుదామని ఎక్కి కూర్చోగానే చితికిపోయాయి. అది గంపలోంచి లేవనేలేదు.

నల్లపెట్ట ఓ సున్నపు పెచ్చు తెచ్చి దాని ముందు పడేసింది. "నూకలతో ఒళ్లొస్తుందే, పెంకు రాదు. తిను."

చుక్కలపెట్ట దాన్ని పొడుచుకు తింది. ఆ రోజు నుంచి రోజూ తింది.

మళ్లీ గుడ్లు పెట్టి పొదగబట్టి ఇరవై ఒక్క రోజులైంది. గుడ్డులోంచి పిల్ల ముక్కుతో టకటకా కొడుతూ, "ఇంత గట్టిగా పెట్టావేంటమ్మా?" అని విసుక్కుంది.

అంత కమ్మని తిట్టు చుక్కలపెట్ట ఎన్నడూ వినలేదు.